నురుగు కొలిచిన ప్రతిసారీ ఫలితం మారుతుంటే పిల్లలకు ఏం చెప్పాలి?

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్న మీ ఇంట్లో ఆరో తరగతి చదివే అమ్మాయి, మూడో తరగతి చదివే అబ్బాయి కలిసి బడి ప్రాజెక్టు కోసం ఒక ఒంటి సబ్బు, ఒక బట్టల సబ్బు, ఒక గిన్నెల లిక్విడ్ తీసుకుని, వీటిలో ఏది మంచిదో తేల్చాలనుకున్నారు. గ్లాసుడు నీళ్ళలో ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా కలిపి, గిలకొట్టి, నురుగు ఎత్తును స్కేలుతో కొలిచారు. శనివారం ఒంటి సబ్బు గెలిచింది. మంగళవారం గిన్నెల లిక్విడ్ గెలిచింది. అబ్బాయి నిరుత్సాహపడ్డాడు. టీచరుకు ఒకే జవాబు కావాలి కనుక ఇంటర్నెట్‌లో చూసి 'సరైన' ఫలితం రాసేయమని చెప్పవచ్చా అన్నది మీ సందేహం.

దయచేసి అలా చెప్పకండి. బెంగళూరులోని ఒక కళాశాలలో చాలా ఏళ్ళపాటు పీయూసీ, డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించి, ఇప్పుడు మా అపార్ట్‌మెంటు పిల్లలతో ఇటువంటి ప్రయోగాలే చేయిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: మీ పిల్లలకు దొరికింది చెడిపోయిన ప్రయోగం కాదు, ఎంతో విలువైన పరిశీలన. రెండు రోజుల ఫలితాలు వేరుగా వచ్చాయంటే ఆ రెండు రోజుల మధ్య ఏదో మారింది. ఆ మారినదేమిటో పట్టుకోవడమే శాస్త్రీయ పద్ధతిలో అసలు పని. ఇంటర్నెట్‌లోని జవాబును తెచ్చి రాసిన క్షణాన ఆ పని చేసే అవకాశం పోతుంది. పైగా తాను కళ్ళతో చూసినదానికన్నా అచ్చులో ఉన్నదే నిజమని పిల్లవాడు నేర్చుకుంటాడు. ఆ పాఠాన్ని తరువాత చెరిపివేయడం చాలా కష్టం.

మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి అనుమానం నీళ్ళ మీద. శనివారం మీ కుళాయిలో వచ్చిన నీళ్ళు, మంగళవారం వచ్చిన నీళ్ళు ఒకటేనా? బెంగళూరుకు కావేరి నీళ్ళు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోతల ద్వారా వస్తాయి. అవి ప్రతిరోజూ రాని పేటల్లో, ముఖ్యంగా నగరం తూర్పు అంచున, బోరు నీళ్ళూ ట్యాంకర్ నీళ్ళూ కలిపి సరిపెట్టుకుంటారు. అన్నీ ఒకే సంపులో కలుస్తాయి కనుక ఏ రోజు ఏ పాళ్ళలో ఉన్నాయో ఇంట్లో వాళ్ళకు తెలియదు. లోతైన బోరు నీళ్ళలో సాధారణంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నూనె, కొవ్వుల నుంచి తయారైన సబ్బు ఈ లవణాలతో కలిసి నీటిలో కరగని తెల్లటి తరకలుగా విడిపోతుంది. బకెట్ అంచున పేరుకునే జిడ్డు చార అదే. లవణాలన్నీ అలా సబ్బును తినేసిన తరువాతనే నురుగు మొదలవుతుంది. గిన్నెల లిక్విడ్‌లో ఉండేది సబ్బు కాదు, సింథటిక్ డిటర్జెంటు. దాని కాల్షియం లవణాలు నీటిలో చాలావరకు కరిగే ఉంటాయి కనుక బోరు నీళ్ళలో కూడా నురుగు బాగానే వస్తుంది. కాబట్టి మెత్తటి నీళ్ళు వచ్చిన రోజు ఒంటి సబ్బు, కఠినమైన నీళ్ళు వచ్చిన రోజు లిక్విడ్ గెలవడం జరగదగినదే.

అయితే ఈ పేరాను పిల్లలకు చదివి వినిపించవద్దని నా విన్నపం. ఇది ఒక అనుమానం మాత్రమే, పైగా ఇది నా అనుమానం. వాళ్ళది వాళ్ళకే రావాలి. కాగితం మీద రెండు నిలువు గడులు గీయించి, 'శనివారం ఎలా చేశాం, మంగళవారం ఎలా చేశాం' అని పక్కపక్కన రాయించండి. ఎవరు గిలకొట్టారు, ఎన్నిసార్లు కొట్టారు, సబ్బు ఎంత వేశారు, చెంచాతోనా చేత్తోనా, గ్లాసు ఒకటేనా, నురుగును వెంటనే కొలిచారా, అన్నం తిని వచ్చి కొలిచారా, నీళ్ళు ఏ కుళాయివి? ఈ జాబితా రాస్తున్నప్పుడే సగం రహస్యం బయటపడుతుంది. అందులో నీళ్ళ మాట వాళ్ళంతట వాళ్ళు తీసుకురాకపోతే, 'ఈ మధ్య ట్యాంకర్ ఎప్పుడు వచ్చింది?' అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి.

రెండో మాట. 'ఏది మంచిది' అన్న ప్రశ్నకు ప్రయోగం జవాబు చెప్పలేదు. దేనికి మంచిది? ఒంటికా, చొక్కా కాలరుకా, నూనె గిన్నెకా? ఈ మూడు వస్తువులూ మూడు వేర్వేరు పనులకు తయారైనవి. ఒక కొలతతో జవాబు వచ్చేంత చిన్నదయ్యేవరకు ప్రశ్నను కుదించడం అన్ని దశల్లోకీ కష్టమైనది. ఎక్కువ సమయం దానికే కేటాయించాలి. మీ పిల్లల పరిశీలన నుంచి సహజంగా పుట్టే చిన్న ప్రశ్న ఇలా ఉంటుంది: 'ఒకే సబ్బు మన ఇంటికి వచ్చే వేర్వేరు నీళ్ళలో నురుగు రావడానికి ఎంతెంత కావాలి?' దీనిలో మారేది నీళ్ళు ఒక్కటే. కొలిచేది సబ్బు పరిమాణం ఒక్కటే.

దీన్ని వంటింట్లో చేసే విధానాన్ని కొంత వివరంగా చెబుతాను. ఒంటి సబ్బును కొబ్బరికోరుతో సన్నగా కోరి, వంటింటి తూకంలో 10 గ్రాములు తూచి, ఒక లీటరు గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్ళలో కరిగించి చల్లారనివ్వాలి. సబ్బు ఎంచుకునేటప్పుడు రేపర్ మీద 'టాయిలెట్ సోప్' అని ఉన్నదాన్ని తీసుకోండి. 'బేతింగ్ బార్' అని ఉన్నవాటిలో సింథటిక్ డిటర్జెంటు కూడా కలిసి ఉండవచ్చు. అప్పుడు ఫలితం గజిబిజి అవుతుంది. అదే రేపర్ మీద టీఎఫ్ఎం అని ఒక శాతం ఉంటుంది, అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం. భారతీయ ప్రమాణాల ప్రకారం అది 76 లేదా అంతకు మించితే ఒకటో గ్రేడు, 70 నుంచి రెండో గ్రేడు, 60 నుంచి మూడో గ్రేడు. మైసూరు సంస్థానం 1916లోనే ప్రభుత్వ సబ్బుల కర్మాగారం పెట్టిన ఊరిలో ఉంటూ పిల్లలు సబ్బు రేపరును ఒకసారైనా పూర్తిగా చదవకపోతే నాకు బాధగా ఉంటుంది.

ఇక మందుల షాపులో సూది లేని 10 మి.లీ. సిరంజి, మూత గట్టిగా పట్టే అర లీటరు పారదర్శకమైన సీసా తీసుకోండి. సీసాలో 50 మి.లీ. పరీక్షించవలసిన నీళ్ళు పోసి, సిరంజితో ఒక మి.లీ. సబ్బు ద్రావణం కలిపి, మూత పెట్టి ఇరవై సార్లు గిలకొట్టి, సీసాను నిలబెట్టి ఒక నిమిషం ఆగాలి. నీటి ఉపరితలం మొత్తాన్ని కప్పేలా నురుగు నిలిస్తే ఆపి, ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోవాలి. నిలవకపోతే మరో మి.లీ. కలపాలి. కఠినమైన నీళ్ళలో మొదటి కొన్ని మి.లీ.లకు నురుగు బదులు నీళ్ళు పాలలా మసకబారి, చిన్న చిన్న తెల్లటి తరకలు తేలుతాయి. సీసాను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఆ తరకలను చూడమనండి. ఆర్‌ఓ నీళ్ళలో అవి దాదాపు కనిపించవు. ఈ తేడాను పిల్లలు మరిచిపోరు. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో రసాయనశాస్త్రం బోధించిన థామస్ క్లార్క్ పందొమ్మిదో శతాబ్దంలో నీటి కఠినత్వాన్ని కొలవడానికి రూపొందించిన పద్ధతి కూడా సూత్రంలో ఇదే. మీ పిల్లలు చేస్తున్నది ఆట కాదని చెప్పడానికి ఈ సంగతి పనికివస్తుంది.

మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టమైతే మరొక మెట్టు ఎక్కించవచ్చు. ఈ ద్రావణం ఒక మి.లీ.లో 10 మిల్లీగ్రాముల సబ్బు ఉంటుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం (లవణాలన్నిటినీ కాల్షియం కార్బొనేట్‌గా లెక్కగట్టి చెప్పే అంకె) ఉన్న నీటిని 50 మి.లీ. తీసుకుంటే, అందులోని లవణాలకే సుమారు 90 మిల్లీగ్రాముల సబ్బు ఖర్చవుతుందని లెక్క వస్తుంది. అంటే నురుగు మొదలయ్యే లోపే దాదాపు 9 మి.లీ. ద్రావణం. బయట అమ్మే సబ్బులో తేమ, సువాసన ద్రవ్యాలు వగైరా ఉంటాయి కనుక నిజానికి ఇంకొంచెం పడుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కఠినత్వానికి లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన హద్దుగానూ, వేరే వనరు లేనప్పుడు 600ను గరిష్ఠ హద్దుగానూ పెట్టింది. తన ఇంటి నీళ్ళు ఈ రెండు గీతల మధ్య సుమారుగా ఎక్కడ ఉన్నాయో పదకొండేళ్ళ అమ్మాయి సిరంజితో అంచనా వేయగలగడం సామాన్యమైన విషయం కాదు.

ప్రయోగం మొదలుపెట్టే ముందు ఇద్దరి చేతా ముందస్తు ఊహను విడివిడిగా రాయించండి. ఊహతో పాటు కారణం కూడా రాయాలి. పెన్నుతోనే రాయాలి. తరువాత చెరపకూడదు. ఇది నేను రాజీపడని నియమం. ఫలితం చూశాక 'నేనూ అదే అనుకున్నాను' అనిపించడం పిల్లలకే కాదు, పెద్దలకూ సహజం. తప్పిన ఊహకు ఎవరూ నవ్వకూడదని, తప్పినప్పుడే కొత్త విషయం తెలిసిందని ఇంట్లో అందరికీ ముందుగానే చెప్పి ఉంచండి.

ఒక్కో రకం నీటిని కనీసం మూడుసార్లు, వీలైతే ఐదుసార్లు పరీక్షించాలి. ఇక్కడ పిల్లలకు విసుగు పుడుతుంది, తల్లిదండ్రులకు ఇంకా ఎక్కువ విసుగు పుడుతుంది. అయినా వదిలిపెట్టకండి. ఉదాహరణకు కావేరి నీటికి 3, 4, 3 మి.లీ., ట్యాంకర్ నీటికి 9, 11, 10 మి.లీ. వచ్చాయనుకుందాం. అన్నిటినీ ఒకే గీత మీద చుక్కలుగా పెడితే రెండు గుంపులు దూరదూరంగా కనిపిస్తాయి. తేడా నిజమేనని నమ్మవచ్చు. అలాకాక ఒకదానికి 5, 7, 9, మరొకదానికి 6, 7, 10 వస్తే సగటుల్లో కొద్ది తేడా ఉన్నా చుక్కలు కలగలిసిపోతాయి. అప్పుడు 'తేడా ఉందని మా కొలతలు చెప్పలేవు' అని రాయాలి. ఒకే వస్తువును మళ్ళీ మళ్ళీ కొలిచినప్పుడు వచ్చే ఊగిసలాట ఎంతో తెలియకుండా రెండు వస్తువుల మధ్య తేడా గురించి మాట్లాడకూడదు. మీ పిల్లల శనివారం, మంగళవారం గొడవకు మూలం కూడా ఇక్కడే ఉంది: ఒక్కొక్క రోజు ఒక్కొక్కసారే కొలిచారు.

మూడో తరగతి అబ్బాయికి చుక్కల సంగతి పూర్తిగా అందకపోవచ్చు. గిలకొట్టడం లెక్కపెట్టే పని, నిమిషం చూసే పని అతనికి అప్పగించండి. అక్క పందొమ్మిదిసార్లే కొట్టిందని పట్టుకునే అధికారం కూడా ఇవ్వండి.

నీళ్ళ సంగతి తేలాక, నురుగు ఎక్కువైతే శుభ్రం ఎక్కువా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. రావాలి కూడా. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్ల కోసం అమ్మే పౌడర్లను కావాలనే తక్కువ నురుగు వచ్చేలా తయారుచేస్తారు, అయినా బట్టలు శుభ్రపడతాయి. ఈ ఒక్క ఉదాహరణ చాలు, మనం కొలిచినదీ మనకు కావలసినదీ ఒకటేనా అని ఆలోచింపజేయడానికి. శుభ్రతను కొలవాలంటే మరక కావాలి. మన ఇళ్ళలో మరక అంటే పసుపు. బడి చొక్కా మీద పప్పో సాంబారో పడని వారం ఉండదు కదా. కానీ పసుపు మరకలో ఒక చిక్కు ఉంది, ఆ చిక్కువల్లనే అది నాకు చాలా ఇష్టమైన ప్రయోగం.

పసుపు మరక మీద బట్టల సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది. హారతికి పసుపు నీళ్ళలో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసినప్పుడు జరిగేదీ అదే, క్షారం తగిలితే పసుపులోని కర్కుమిన్ రంగు మారుతుంది. నీళ్ళతో బాగా జాడిస్తే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. అదీగాక కర్కుమిన్ వెలుతురుకు విచ్ఛిన్నమవుతుంది. ఎండలో ఆరేసిన చొక్కా మీద మరక మాయమైతే ఆ గొప్పతనం సబ్బుదా, ఎండదా? అమ్మమ్మలు 'ఎండలో వెయ్యి, అదే పోతుంది' అనడం మీ పిల్లలు వినే ఉంటారు. ఆ మాటను పరీక్షకు పెట్టండి.

పాత తెల్ల నూలు పంచెను అరచేతి వెడల్పు ముక్కలుగా పన్నెండు కత్తిరించండి. చెంచా పసుపు, రెండు చెంచాల నూనె కలిపి, ప్రతి ముక్క మధ్యలో సిరంజితో అర మి.లీ. వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ఆరు ముక్కలను సబ్బు నీళ్ళలో, ఆరు ముక్కలను ఉత్త నీళ్ళలో, అంతే నీటిలో అంతసేపు ఉతకాలి. ఉత్త నీళ్ళు ఎందుకని పిల్లలు తప్పక అడుగుతారు. ఏమీ వేయకపోతే ఏమవుతుందో తెలియనిదే, వేసినందువల్ల ఏమైందో తెలియదు. ప్రతి గుంపులోనూ మూడు ముక్కలను బాల్కనీ ఎండలో, మూడింటిని గదిలో వెలుతురు పడని చోట, సమానమైన సేపు ఆరేయాలి. గుర్తుగా పెన్ను గీతలు పెడితే ఉతుకులో పోతాయి. ముక్కల అంచున కత్తెరతో గాట్లు పెట్టండి: సబ్బు, ఎండకు ఒకటి, సబ్బు, నీడకు రెండు, ఉత్త నీళ్ళు, ఎండకు మూడు, ఉత్త నీళ్ళు, నీడకు నాలుగు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బెంగళూరులో ఎండ నమ్మదగినది కాదు కనుక ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకోండి, ఎన్ని గంటలు ఎండ తగిలిందో కూడా రాసుకోండి.

ఒక్కటే మార్చాలన్న నియమానికి ఇది విరుద్ధం కాదా అని మీ అమ్మాయి అడిగితే ఎంతో సంతోషించండి. నీడలో ఆరిన రెండు గుంపులను పోల్చినప్పుడు మారింది సబ్బు ఒక్కటే. ఉత్త నీళ్ళలో ఉతికిన రెండు గుంపులను పోల్చినప్పుడు మారింది ఎండ ఒక్కటే. నియమం చెడలేదు.

ముక్కలను పోల్చే పని ఆ ప్రయోగం చేసినవారు చేయకూడదు. ఏ గాటుకు ఏ అర్థమో తెలియని పెద్దవారెవరికైనా, మీ అత్తగారికో పక్కింటి ఆంటీకో, ముక్కలు కలిపి ఇచ్చి, అంచులు కనబడకుండా ఒక అట్టకు కోసిన కిటికీల వెనుక పెట్టి, ముదురు నుంచి లేత వరకు వరుసగా పేర్చమనండి. ఫొటో తీస్తే పన్నెండింటినీ ఒకే ఫొటోలో తీయాలి. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోకూ రంగులను తనంతట తాను సర్దుతుంది కనుక విడివిడి ఫొటోలను పోల్చకూడదు.

ఎవరికీ తెలియకుండా పరీక్షించడం ఎందుకంత ముఖ్యమో పిల్లలకు అర్థం కావాలంటే రుచి పరీక్ష పెట్టడం మేలు. కాచి చల్లార్చిన కావేరి నీళ్ళకూ ఆర్‌ఓ నీళ్ళకూ రుచిలో తేడా చెప్పగలనని తాతగారెవరైనా అంటే, ఒకే రకమైన ఎనిమిది గ్లాసుల్లో నాలుగు అవి, నాలుగు ఇవి పోసి, చీటీలు తీసిన వరుసలో ఇచ్చి, ఏ నాలుగు ఆర్‌ఓవో చెప్పమనండి. ఎనిమిదింటి నుంచి నాలుగింటిని 70 విధాలుగా ఎంచుకోవచ్చు. కనుక ఏమీ తెలియకుండా ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి మాత్రమే. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో, పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న మ్యూరియల్ బ్రిస్టల్ మాటను గణాంక శాస్త్రవేత్త రోనల్డ్ ఫిషర్ సరిగ్గా ఇలాంటి ఎనిమిది కప్పులతోనే పరీక్షకు పెట్టాడు.

జాగ్రత్త గురించి సూటిగా చెబుతాను. టాయిలెట్ కడిగే యాసిడ్ లిక్విడ్లు, బ్లీచింగ్ పౌడర్, బ్లీచ్ ద్రావణాలు ఈ ప్రయోగాల్లోకి రాకూడదు. యాసిడ్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బ్లీచ్, అమోనియా కలిసినా విషవాయువులే. 'రెండూ కలిపితే ఇంకా బాగా పనిచేస్తుందేమో' అన్నది పిల్లలకు చాలా సహజంగా వచ్చే ఊహ కనుక, ఏ రెండు క్లీనర్లనూ కలపకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. రుచి పరీక్షకు వాడే గ్లాసులు, సబ్బు ప్రయోగానికి వాడే గ్లాసులు ఎప్పుడూ వేరుగా ఉండాలి.

ఇక బడిలో ఏం రాయాలి? జరిగిందంతా, జరిగిన వరుసలో. శనివారం, మంగళవారం వచ్చిన పరస్పర విరుద్ధ ఫలితాలే మొదటి పేజీ. ఎందుకు మారాయని అనుమానించారో రెండో పేజీ. సిరంజి కొలతల పట్టిక, చుక్కల గీత ఆ తరువాత. షాపులో కొన్న చార్టు, థర్మాకోల్ బొమ్మ అవసరం లేదు. నూనె చుక్కలు పడిన నోటుపుస్తకమే చాలు, దాన్ని ఫెయిర్ కాపీ కూడా చేయించకండి. ముగింపు వాక్యం తాము పరీక్షించినదాన్ని దాటకూడదు. 'ఫలానా సబ్బు అన్నిటికన్నా మంచిది' అని కాక, 'మా ఇంటికి వచ్చిన ట్యాంకర్ నీళ్ళలో ఈ సబ్బుకు నురుగు నిలవడానికి కావేరి నీళ్ళకన్నా ఎక్కువ ద్రావణం పట్టింది, ఐదుసార్లు చేసినా అలాగే వచ్చింది' అని రాయాలి. టీచరు ఒకే జవాబు అడిగితే అదే ఆ జవాబు. నీళ్ళ అనుమానం తప్పని తేలితే ఆ మాటే రాయాలి.

అది పూర్తయ్యాక పిల్లలకు ఉత్సాహం మిగిలి ఉంటే, బోరు నీళ్ళను పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగున పేరుకున్న తెల్లటి పొడి కదలకుండా పైనుంచి వంచి, అదే సిరంజి పరీక్ష మళ్ళీ చేయమనండి. బైకార్బొనేట్ల వల్ల వచ్చిన కఠినత్వం మరిగిస్తే చాలావరకు పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది పోదు. మీ నీళ్ళలో ఏది ఎంత ఉందో ఆ రెండు కొలతల తేడాను బట్టి అంచనా వేయవచ్చు. మరిగించిన నీళ్ళను పూర్తిగా చల్లారాకనే పరీక్షించాలి, లేకపోతే వేడి కూడా మారినట్లవుతుంది. ఆ సంగతి మీరు చెప్పకముందే మీ అమ్మాయి చెబుతుందేమో కాసేపు ఆగి చూడండి.